సామర్లకోట పుష్పపటములు: జాతివిచారము

ఆంధ్రదేశమందలి చిత్రకళనుగూర్చి వ్రాయువారు లేపాక్షి దేవాలయపుఁ గప్పుపైనున్న వర్ణచిత్రములతో మొదలిడి, నడుమఁ బెక్కేండ్లు మౌనము వహించి, తుదకు రాజమహేంద్రవరమున 1897వ సంవత్సరమునఁ బుట్టి 1925లో నకాలముగాఁ గన్నుమూసిన దామెర్ల రామారావుగారికడకు వచ్చి నిలుతురు. నడిమి మౌనము న్యాయ్యము కాదు. ఆ కాలముననే రాజమహేంద్రవరమునకు సుమారు 50 కిలోమీటరుల దూరమందలి సామర్లకోటలో నొక దేశీయచిత్రకారుఁడు దినదినమును గూర్చుండి, కాకితముపై నీటిరంగులతోఁ బూవులను వ్రాయుచుండెను. ఆ పటములు దేశాంతరము పోయినవి. రాగిరేకులపైఁ జెక్కఁబడి గొప్ప గ్రంథములయినవి. వృక్షశాస్త్రజ్ఞులు వానిని నేఁటికిని బ్రమాణముగాఁ జేకొనుచున్నారు. సాహిత్యపరులు మాత్రము వానిని వైద్యులసొత్తనియో, తోఁటమాలులసొత్తనియో తలంచి వదలివేసిరి. అవి చిత్రములగునా, కావా? అగుచో నే విధమైన చిత్రములు? తెలుఁగుశబ్దముల యర్థనిర్ణయమున వానికిఁ గల యధికార మెట్టిది? ఈ మూఁడు ప్రశ్నములును బండితులు విచారింపఁదగినవే.

పటముల చరిత్ర సంగ్రహముగా నిది. విలియం రాక్సుబరో యను స్కాట్లండుదేశపు వైద్యుఁడు ఈస్టిండియా కంపెనీవారి కొలువున 1776లోఁ జెన్నపురికి వచ్చి, 1781 మొదలు సామర్లకోటయందు నివసించెను. అచ్చట నతఁడు తోఁట వేసెను. కొండప్రాంతపు మిరియమును బెంచఁజూచెను. లక్కపురుగునుగూర్చి సామర్లకోటనుండి వ్రాసిన వ్యాసము 1791లో లండను రాజకీయవిద్వత్సభవారి పత్రికయందు వెలువడినది. అతనికిఁ గొంత గురుస్థానీయుఁడైన కోనిగ్ పండితుఁడు, లిన్నేయసు శిష్యుఁడు, కాకినాడ జగన్నాథపురముననే 1785లో మరణించెను. చెన్నపురి సంస్థానపు ప్రకృతిశాస్త్రజ్ఞుఁడుగా నున్న పాట్రిక్ రస్సెల్ స్వదేశమునకుఁ బోఁగా నా పదవి రాక్సుబరోకు వచ్చెను. 1793లో నతఁడు కలకత్తా తోఁటకు నధికారియై వెడలిపోయెను. సామర్లకోటలో వ్రాయింపఁబడిన పటములును, వానికిఁ జేరిన వర్ణనలును 500 వఱకు కంపెనీ పాలకులకుఁ జేరినవి. వానిలో 300 నేఱి, జోసెఫ్ బ్యాంక్సు పర్యవేక్షణమున, ‘కోరమాండలు తీరపు మొక్కలు’ అను పేర మూఁడు సంపుటములుగా 1795 మొదలు 1820 వఱకుఁ బ్రకటించిరి. ఒక్కొక్క సంపుటమునకు నూఱేసి పటములు. ఆరంభము పదునెనిమిదవ శతాబ్దిదియే యైనను, గ్రంథము పూర్తియగునప్పటికిఁ బందొమ్మిదవ శతాబ్దమున నిరువదియేండ్లు గడచినవి. రాక్సుబరో 1815లోనే గతించెను. కలకత్తాలోఁ జిత్రరచన యెడతెగక సాగి మొత్తము పటములు రెండువేల యైదువందలకు మించినవి. ఒక ప్రతి యచ్చటి తోఁటయందును, ఒక ప్రతి యింగ్లండులోని క్యూ తోఁటయందును నున్నవి. 1964 మొదలు భారతవృక్షపరిశోధనశాఖవారు కలకత్తా ప్రతినుండి కొన్నింటిని విడివిడి భాగములుగా నచ్చొత్తించిరి.

విచారమునకు మోదుగపటము నెత్తికొనుట మేలు. ఏలయన మోదుగును జూడని తెలుఁగువాఁ డుండఁడు, కింశుకమును జదువని పండితుఁ డుండఁడు. మొదటి సంపుటమున 21వ పట మిది. దీని వెంటనే 22వది తీగమోదుగ.

పటమున భూమి లేదు, ఆకాశము లేదు, నీడ లేదు. తెల్లనికాకితముపై నొక పుష్పమంజరి. మొగ్గలు కొడవలివలె వంగియున్నవి. పుష్పకోశము నల్లనిపచ్చ; దానిమీఁద మొకమలుగుడ్డకు వలె సన్నని నూఁగు. ఆ నల్లనిగిన్నెనుండి కెంపును నారింజయుఁ గలసినవన్నెగల రేకులు వెడలుచున్నవి. రేకు లైదు: వెనుకకు విఱిగిన పెద్దఱేకు ధ్వజము, ప్రక్కల రెండు పక్షములు, అడుగున రెండుఱేకులు కలసి ముక్కువలె వంగిన ద్రోణి. కించిచ్ఛుకమువంటిది గావునఁ గింశుకమని నిఘంటువ్యాఖ్యాతలు చెప్పు వ్యుత్పత్తి కా ద్రోణియే మూలము. చిలుకముక్కు ఱేకునకుఁ గాని, పూవున కంతటికిని గాదని పటము చూచినప్పుడు తెలియును. కుమారసంభవమునఁ దృతీయసర్గమందు వికసింపని పలాశములను బాలచంద్రునితోఁ బోల్చి వనస్థలులయందలి నఖక్షతములుగా నుత్ప్రేక్షించుట సుప్రసిద్ధము. పాఠశాలలో నా ఘట్టమును జెప్పు పండితుఁడు వక్రతను జెప్పును, ఎఱుపును జెప్పును. కోశముయొక్క నలుపును జెప్పఁడు. ఎఱుపంతగాఁ గన్నుల నంటుట కానలుపే కారణము. పటము వ్రాసినవాఁ డా కావ్యమును జదివియుండవలసిన పనిలేదు. నలుపును దప్పక వ్రాసెను. కాళిదాసుని కంటికిఁ గనఁబడిన దేదో యాతని కంటికిని గనఁబడినది. వ్యాఖ్యాతల కంటికిఁ గనఁబడలేదు.

ఈ మంజరిప్రక్కనే మూఁడాకుల రెమ్మ వ్రాయఁబడినది. విస్తళ్లు కుట్టుకొను మోదుగాకే యది, ఈనెలు లెక్కింపవచ్చును. ఇచ్చట నొక యాక్షేపము పుట్టును. మోదుగచెట్టు చలికాలమున నాకురాల్చి, మాఘఫాల్గునములలో బోడికొమ్మలపైఁ బూచును. అడవి మండుచున్నట్లు తోఁచుటకు హేతు వాకులు లేకుండుటయే. అట్టిచో నాకును బూవును నొక్కకాకితముపై నేకకాలమున నుండుట ప్రత్యక్షవిరుద్ధము కాదా? ఇంతేకాదు, పటమున నొకమూలఁ బూవును విప్పి, కేసరములను వేఱుగాను, ద్రోణిని వేఱుగాను బెట్టియున్నారు. ఇతరపటములలోఁ బూవుప్రక్కఁ గాయయు, గింజయుఁ గూడఁ గలవు. ఏ చెట్టును నే నాఁడును నిట్లు కనఁబడదు. కనఁబడనిదానిని వ్రాసినవాఁడు యథార్థవాది యెట్లగును?

ఈ యాక్షేపమునకు సమాధానము వ్యాకరణశాస్త్రమున సిద్ధముగా నున్నది. శబ్దమునకు నర్థ మాకృతియా, ద్రవ్యమా యని ప్రాచీనులు వివాదపడిరి. వాజప్యాయనుఁ డాకృతి యనెను. వ్యాడి ద్రవ్య మనెను. ‘గోవు’ అనఁగా నెదుట మేయుచున్న యీ కపిలయే యగుచో, ఱేపు పుట్టఁబోవు దూడకుఁ బేరే లేకపోవును. ‘గోవు’ అనఁగా సాస్నాలాంగూలాదులు గల యాకృతియే యగుచో, ‘గోవును దెమ్ము’ అన్నపుడు తేవలసిన దేదియో తెలియదు. పాణిని రెండుపక్షములకును జోటిచ్చినాఁడని భాష్యకారుఁడు సమర్థించెను. ఈ వివాదమును జిత్రమునకు దించి చూడవలెను. మోదుగపట మొకానొక చెట్టుయొక్క, ఒకానొక దినముయొక్క ప్రతిబింబము కాదు. ఆది మోదుగ యను శబ్దముయొక్క యర్థమునకు రూపము. మాఘమందలి పూవును, శ్రావణమందలి యాకును, వైశాఖమందలి కాయయు నొక్కశబ్దమునకే లొంగియున్నవి గదా. ఒక్కకాకితమునకు లొంగుట విరుద్ధ మెట్లగును? చిత్రకారుఁడు వాజప్యాయనపక్షమువాఁడు. అతఁడు జాతిని వ్రాసెను.

ఇంతమాత్రము చెప్పి యూరకుండిన నన్యాయ మగును. జాతికి రంగు లేదు, కొలత లేదు. రంగు వేయవలె ననఁగా నేదో యొక ద్రవ్యమును జూచి వేయవలెను. సామర్లకోట దాపునఁ గోసి తెచ్చిన కొమ్మ యొకటి యాతని ముందుండెను. దాని యాకున కీటకము తిన్న చిల్లి యుండవచ్చును, ఒకఱేకు వాడియుండవచ్చును. వానిలోఁ బెక్కింటిని విడిచెను, కొన్నింటిని విడువలేదు. రాక్సుబరో పటములలో నక్కడక్కడ నాకుకొస వంకరపోయియు, ఒకయాకు తిరగఁబడి వెనుకభాగము చూపుచును నుండును. తిరగఁబడిన యాకు వృక్షశాస్త్రమునకుఁ గావలసినదే. వెనుకనూఁగు తెలియవలెను గదా. కాని యది తిరిగిన తీరులోఁ గాలిసోఁకిన జాడ కలదు. వ్యాడియు నచ్చట నొకింత తలయెత్తినాఁడు.

పశ్చిమఖండమునఁ బూలకుండలను వ్రాయుట యొక ప్రత్యేకశాఖగా వృద్ధిపొందినది. హాలండుదేశపుఁ జిత్రకారులు పదునేడవ శతాబ్దమున దీనిని బరాకాష్ఠకుఁ దెచ్చిరి. బల్లపైఁ గుండ, కుండలోఁ బూవులు, ఱేకుపై నీటిచుక్క, చుక్కప్రక్క నీఁగ, బల్లపైకి రాలిన ఱేకు. వాడిపోవుటయే యాచిత్రముల రహస్యము. విచిత్ర మేమనఁగా, ఆ కుండలలోను నొక్కఋతువున లభింపని పూవులు కలసియుండును. చిత్రకారు లే ఋతువున వ్రాసికొన్న చిత్తు నా ఋతువునుండి తెచ్చి కూర్చిరి. అనఁగాఁ గాలవిరోధ మచ్చటను గలదు, ఇచ్చటను గలదు. ఫలము మాత్రము వేఱు. అచ్చటఁ బెక్కుజాతులు చేరి యొకక్షణముగా నటించుచున్నవి. ఇచ్చట నొకజాతి పెక్కుక్షణములను దనలోఁ జేర్చికొన్నది. హాలండుపూవును జూచి ‘అయ్యో, వాడును’ అందుము. సామర్లకోటపూవు వాడదు, దానికి మరణము లేదు. ఇది గుణమో దోషమో వెంటనే చెప్పరాదు.

ఆలంకారికపక్షమున నొక పూర్వపక్షము ప్రబలమైనది కలదు. సూర్యుఁ డస్తమించెను, పక్షులు గూళ్లకుఁ బోవుచున్నవి యను వాక్యములను భామహుఁడు కావ్యమని యంగీకరింపక, వార్త యని త్రోసివేసెను. మోదుగకు మూఁడాకులు, పూవున కైదుఱేకులు అని రంగులతోఁ జెప్పినంతమాత్రమునఁ జిత్ర మగునా? అదియు వార్తయే కాదా? కుంతకుఁడు మఱింత ముందునకుఁ బోయి, స్వభావ మలంకార్యమే కాని యలంకారము కాదనెను; శరీరమే నగ యగుచో నానగ నేశరీరమునఁ బెట్టుదు మని యాతని తాత్పర్యము.

దండి మాత్ర మర్థాలంకారములలోఁ బ్రథమస్థానము స్వభావోక్తి కిచ్చెను. దానికే ‘జాతి’ యని నామాంతరము. ఇచ్చట వైయాకరణుని జాతియు, ఆలంకారికుని జాతియు నొక్కమాటలో నెదురుపడినవి. అది కేవలశబ్దసామ్య మనుకొని దాఁటిపోరాదు. వార్తకును జాతికిని భేద మేమి? అందఱు నెఱిఁగినదానినే చెప్పునది వార్త. అందఱు చూచియు నెఱుఁగనిదానిని జూపునది జాతి. మోదుగపూ వెఱ్ఱన యనుట వార్త. ఆ యెఱుపు నల్లనికోశమునుండి పుట్టి, ఱేకువెలుపల వెండివంటి సన్నని నూఁగుచే నొకింత మందగించి, లోపల దీపించుచున్నదనుట జాతి. వ్యక్తివివేకకారుఁడు మహిమభట్టు వస్తువునకు సామాన్యమనియు, విశిష్టమనియు రెండురూపములు చెప్పి, సామాన్యము శబ్దములకుఁ దోఁచుననియు, విశిష్టము కవిప్రతిభకే తోఁచుననియు వివరించెను. ఆ మతము ననుసరించినచో జాతిని వ్రాసిన యీ పట మోడినట్లే యని కొంద ఱనవచ్చును. అది సరికాదు. మోదుగజాతి యంతయు వృక్షజాతిలో నొక విశేషమే గదా. ‘చెట్టు’ అనుదానికి నిది విశిష్టము, ‘ఈ చెట్టు’ అనుదానికి సామాన్యము. పరాపరజాతుల నడుమ నెచ్చట నిలువవలెనో యెఱుఁగుటయే యీచిత్రకారుని ప్రతిభ. అతఁడు నిలిచినచోటు సరియైనది.

ఇఁక శిల్పమునుగూర్చి కొంత చెప్పవలసియున్నది. మొదట సన్నని రేఖ. ఆ రేఖలోపల రంగు. రంగుపై నీనెలు, నూఁగు, నిగనిగ. ఇది రేఖాప్రధానమైన పద్ధతి. ఐరోపాదేశపు నీటిరంగుచిత్రమునఁ దడి కాకితముపై రంగు తనంతఁ బ్రాకి యంచులు గరఁగుటయే యందము. ఇచ్చట నంచు కరఁగదు. విష్ణుధర్మోత్తరమందలి చిత్రసూత్రము వర్తన మూఁడువిధములని చెప్పుచుఁ బత్రమువలె రేఖలను దీర్చు దానిని బ్రథమముగాఁ బేర్కొనినది. ఆకులపై నీపటములలో వేసిన గీఁతల కా లక్షణము చక్కఁగా సరిపోవును. ఆగ్రంథమును జదివి చేసినాఁడని కాదు. చేతినుండి చేతికి వచ్చిన పని గ్రంథమునకు ముందును, వెనుకను నుండును.

ఆ చేతిపని యెచ్చటనుండి వచ్చినదను విచారమున గోదావరీమండలము మఱవరానిది. సముద్రతీరమున నింజరమునను, నరసాపురముప్రక్క మాధవాయపాలెమునను, దక్షిణమున మచిలీపట్టణమునను గంపెనీవారు వస్త్రవ్యాపారము చేసిన చోట్లు కలవు. మాధవాయపాలెపుఁ బేరైతే ‘మడపొల్లాము’ అని మాఱి సీమలో నొకదినుసు నూలుబట్టకే పేరయ్యెను. ఈ తీరపు టద్దకమున బట్టను గరక్కాయనీటను, పాలలోను ముంచి, కలముతో నల్లనిరేఖ తీర్చి, పటిక పూసినచోట నెఱుపు పట్టించి, పూవులు తీఁగెలు దిద్దుదురు. ముందు రేఖ, పిదప రంగు. రేఖ దాఁటి రంగు పోరాదు. ఆ క్రమమే పటములందును గలదు. ఆ యెఱుపునకు మూలమైన చిరివేరుకూడ నీ గ్రంథమున 3వ పటముగాఁ జోటుచేసికొన్నది. దానిక్రింద రాక్సుబరో యద్దకపువారి విధానమును సుదీర్ఘముగా వర్ణించెను. వస్త్రముపైఁ బూవు నద్దు రంగు తానే పూవుగాఁ గాకితముపైకి వచ్చినది. ఇంతటి యనుకూలమైన యెదురుబాటు చిత్రకళాచరిత్రలో నరుదు. మోదుగపూవుకూడఁ బటికతోఁ జేరి బట్టకుఁ జక్కని పసుపువన్నె నిచ్చునని యాతఁడే పరీక్షించి వ్రాసియున్నాఁడు.

దోషములు లేవా? కలవు. ఆకులు కొన్నిచోట్లఁ బుస్తకమునడుమఁ బెట్టి నొక్కినట్లు చదునైయున్నవి. ముందున్న యాకునకును, వెనుకనున్న యాకునకును దూరభేదము చాలదు. దృష్టిక్రమము తెలియదని యాంగ్లవిమర్శకులు దేశీయచిత్రకారులపై వేయునపవాద మిచ్చట సగము నిజము. పెద్దచెట్టు పటమునఁ జిన్నమొక్కవలెఁ దోఁచును. మొదటి సంపుటమున 71, 72 పటములు తాటిచెట్టువి. ఏఁబదియడుగుల వృక్షమునకు రెండుకాకితము లియ్యవలసివచ్చినను, గట్టుపైఁ దాళ్లవరుస యెఱిఁగిన గోదావరిసీమవానికిఁ దృప్తి కలుగదు. గంధ మెట్లును లేదు. మోదుగ నిర్గంధము గాన నా పటము నష్టపడలేదు, మొగలి సంపెఁగలు నష్టపడును.

అచ్చుగ్రంథమును జూచి మూలపటములపైఁ దీర్పు చెప్పుట పెక్కుర చేయు పొరపాటు. సామర్లకోటరేఖను లండనులోని చెక్కుపనివారు రాగిరేకుపైఁ దమచేతితో మరల గీసిరి. ఒక్కొక్క ప్రతికిఁ గూలివా రెవరో రంగు వేసిరి. మంత్రమును బరాయివాఁడు పలికినట్లు స్వరము కొంత మాఱినది. ఒకే పటమునకు రెండుప్రతులలో నెఱుపు రెండువిధములుగా నుండుట కిదియే కారణము. మూలమున గట్టిగా నున్న యంచు అచ్చునఁ గొంత మెత్తఁబడినది, మూలమునందలి చదునుదనము మాత్రము పోలేదు.

ఇంతకన్న ముఖ్యమైనది శబ్దవిషయము. ప్రతిపటమునకును లాటినుపేరుతోపాటు తెలుఁగుపేరు చేర్పఁబడినది. గ్రంథకర్త సంస్కృతనిఘంటువు నెదుటఁ బెట్టికొని వ్రాసిన పేళ్లు కావవి. కొమ్మ తెచ్చినవారి నోటఁ బుట్టినవి. ఇంగ్లీషులిపికి దకారడకారభేదము లేదు, హ్రస్వదీర్ఘనియమము లేదు. మోదుగను మొడుగ యనియు నా లిపిలోఁ జదువవచ్చును. ఆ ముసుఁగు తీసినచో లోపల నచ్చతెలుఁగు మెఱయుచున్నది. తీగమోదుగ యను పేరు చూడుఁడు. చెట్టుమోదుగ వేఱు, తీగయైన మోదుగ వేఱు; అయినను రెండును మోదుగలే. పొలమున నుండు జనము విశేషణపూర్వపదమైన కర్మధారయమున జాతియు, నవాంతరభేదమును జక్కఁగాఁ జెప్పివేసిరి. లిన్నేయసు సంప్రదాయమున జాతినామము ముందు, భేదకము వెనుక. తెలుఁగున భేదకము ముందు. క్రమము మాఱినదే కాని భావము మాఱలేదు. పైఁగాఁ దెలుఁగుపేరునకు వస్తువుతో సంబంధము కలదు. పలాశము పత్రమునుబట్టి వచ్చినది, కింశుకము పుష్పమునుబట్టి వచ్చినది. లాటినులో ‘బ్యూటియా’ యనునది బ్రిటనుదేశపు మంత్రియైన బ్యూటుప్రభువును బట్టి వచ్చినది. ఆ ప్రభువు మోదుగపూవును జూచెనో లేదో! సోమిదచెట్టున కట్టి యవమానము కలుగలేదు. జ్వరహరమని రాక్సుబరో మెచ్చిన యాచెట్టు తెలుఁగుపేరే 1830లో జుస్సియూ పండితునిచే ‘సోయ్‌మిడా’ యని శాస్త్రీయజాతినామముగా స్వీకరింపఁబడినది.

తెలుఁగునిఘంటువులు ఈ విషయమున నేమిచేసినవి? బ్రౌనుదొర 1852లో వెలువరించిన నిఘంటువున రాక్సుబరోను బలుచోట్లఁ బేర్కొనెను. 1885లో వెలువడిన శబ్దరత్నాకరము శబ్దస్వరూపనిర్ణయమున నసమానము. కాని చెట్టుపేరు వచ్చినచోఁ దఱచుగా ‘వృక్షవిశేషము’ అని యూరకుండును. సామర్లకోటకుఁ గూఁతవేటుదూరమున నున్న పీఠికాపుర సంస్థానాధీశుని పోషణమునఁ బుట్టిన సూర్యరాయాంధ్రనిఘంటువు ప్రథమసంపుటము 1936లో వెలువడినది. ప్రయోగముల సంపదలో దానికి సాటి లేదు. ఎన్ని ప్రయోగము లుదాహరించినను వృక్షవిశేషము వృక్షవిశేషముగనే యుండును. పదికావ్యములలోఁ బూచిన పూవు పదునొకండవ పాఠకునికి నెట్టిదో తెలియదు. కర్ణికారము నొకరు కొండగోఁగనిరి, ఒకరు ఱేల యనిరి, వంగదేశీయులు మఱియొకటి యనిరి. మూఁడింటిపటములు నెదుటఁ బఱచి, వర్ణము గొప్పదియు గంధము లేనిదియు నేది యని కాళిదాసుని మాటతో సరిచూచు పద్ధతి పాఠశాలలలో నింకను రాలేదు. నిఘంటుకర్తలను నిందించుట దీని యుద్దేశము కాదు. వారిచేతిలోఁ బటములు లేవు. నేఁడు లభ్యమగుచున్నవి గాన మానినచో నిఁక సమాధానము లేదు.

4, 5 పటము లీ సందర్భమునఁ బరిశీలింపఁదగినవి. నాలుగవది ముసిడి, అయిదవది చిల్ల. శాస్త్రజ్ఞుల లెక్కలో రెండును నొక్కజాతికిఁ జేరినవే. ఒకదానిగింజ ప్రాణాంతకమైన విషము; ఒకదానిగింజ కడవలోపలి గోడకు నూఱి నీరు పోసినచో వరదగోదావరినీటి యొండును గ్రిందికి దింపి తేటపఱచును. సంస్కృతమున దానిపేరు కతకము. కతకఫలము నీటిని దేర్చునదే యైనను, దానిపేరు పలికినంతమాత్రమున నీరు తేరదని మనుస్మృతి షష్ఠాధ్యాయమున యతిధర్మప్రకరణమునఁ జెప్పఁబడినది. అచ్చటి తాత్పర్యము వేషధారణముకంటె ధర్మాచరణము ముఖ్యమనుట. కాని దృష్టాంతము నక్షరార్థముననే గ్రహించినచో, పేరు నెఱిఁగి గింజ నెఱుఁగని పండితుని గతి యేమి? విషముష్టికిని గతకమునకును బేళ్లలో నెంతదూర మున్నను బండ్లలోఁ బోలిక కలదు. పటమున రెండును నెదురెదుర నున్నవి. భేదము కంటి కందును.

ఈపటములు వ్రాసినవాని పేరు తెలియదు. దామెర్ల రామారావుగారి పేర రాజమహేంద్రవరమునఁ జిత్రకళామందిరము వెలసినది. సామర్లకోటవానికి గోడయైనను లేదు. కొంతకాలమునకుఁ బిదప దక్షిణమున రాబర్టు వైటు అను వృక్షశాస్త్రజ్ఞుని యొద్దఁ బనిచేసిన రంగయ్య, గోవిందు అను నిరువురి పేళ్లు పటములక్రింద నచ్చుపడినవి. వై టింకను ముందునకుఁ బోయి 1853లో ముగిసిన తన గ్రంథమున నొక యోషధిజాతికి గోవిందుపేరు పెట్టెను. తరువాతివా రా జాతి వేఱుకాదని తేల్చి, పూర్వనామముననే దానిని గలిపివేసిరి. ఆ పేరిపుడు పర్యాయపదములపట్టికలోఁ గలదు.

సామర్లకోట చిత్రకారుని యునికికి సాక్ష్యము మొదటి సంపుటమునకు రస్సెల్ వ్రాసిన పీఠికలో నొక్కవాక్యము. రాక్సుబరో కొన్నియేండ్లుగా నొక చిత్రకారుని నెడతెగక పనిలో నుంచెనని యందు గలదు. ఏకవచనమే ప్రయుక్తము. అది వ్యక్తిని జెప్పు నేకవచనమో, జాతిని జెప్పు నేకవచనమో వాక్యమునుబట్టి తేలదు. జాతియం దేకవచనము సహజమే, దానికి వికల్పముగా బహువచనమును బాణిని విధించియున్నాఁడు. పటములలోని చేతులు వేఱువేఱా, యొకటియా యని పరీక్షింపవలసినవారు క్యూ, కలకత్తాప్రతులను బ్రక్కప్రక్క నుంచి, ఈనెల గీఁతలను మోదుగాకునుండియే మొదలిడుట మంచిది. ఆయాకున నీనెలు విరళముగను స్పష్టముగను నున్నవి.